సిక్స్ బై సిక్స్ ఉంటే చాలదు

పొద్దుగూకే వేళ వచ్చే బస్సు బోర్డు మీద కావలి అని ఉందో, ఉదయగిరి అని ఉందో తెలియదు. తెల్ల పళ్లెంలో అన్నం ఎంత మిగిలిందో కనబడదు. నల్ల గుడ్డ మీద నల్లదారంతో కుట్టు వేయలేరు. మెట్లు అయిపోయాయో లేదో కాలితో తడుముకోవాలి. అదే మనిషి కంటి పరీక్షకు వెళ్తే చార్టులో చివరి వరుస దాకా గడగడా చదివేస్తారు. 'సిక్స్ బై సిక్స్ ఉంది, కంటికేం కాలేదు' అనిపించుకుని ఇంటికొస్తారు. ఆ తర్వాత ఇంట్లో వాళ్లూ ఆ మనిషి మాట నమ్మరు.

మల్టిపుల్ స్క్లెరోసిస్ (ఎం.ఎస్.) ఉన్న చాలామందికి ఎదురయ్యే కష్టమిది. ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక వ్యవస్థే మెదడు, వెన్నుపాము, కంటి నరాల మీద తొడుగులా ఉండే మైలిన్ పొరను దెబ్బతీయడం వల్ల వచ్చే జబ్బు ఇది. ఎక్కువగా 20 నుంచి 40 ఏళ్ల మధ్య బయటపడుతుంది, మగవారికన్నా ఆడవారికే ఎక్కువ. దాదాపు ప్రతి ఐదుగురిలో ఒకరికి తొలి లక్షణం కంటి నరం వాపే. కన్ను తిప్పితే నొప్పి, ఎర్ర రంగు వెలిసిపోయినట్టు కనబడటం, కొద్ది రోజుల్లోనే చూపు మసకబారడం. వారాల్లో చూపు చాలావరకు తిరిగొస్తుంది. కానీ నరానికి జరిగిన నష్టం కొంత మిగిలిపోతుంది. తెల్ల బోర్డు మీది నల్లటి అక్షరాలు చదివించే చార్టుకు ఆ నష్టం చిక్కదు. లేత బూడిద రంగు అక్షరాల చార్టు పెడితే బయటపడుతుంది. అందులో వెనకబడినవారికి రోజువారీ జీవితం కష్టంగా ఉంటోందని పరిశోధనలు చెబుతున్నాయి. కొందరికి ఒకటి రెండుగా కనబడుతుంది, కొందరికి ఎదుటి వస్తువు ఊగుతున్నట్టుంటుంది.

మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో దీనికి ఎండ తోడవుతుంది. ఒళ్లు వేడెక్కితే ఈ జబ్బున్నవారి చూపు కాసేపు మసకబారుతుందని జర్మన్ వైద్యుడు ఊట్‌హాఫ్ 1890లోనే రాశారు. చల్లబడగానే తేరుకుంటుంది. మే 30న ప్రపంచ ఎం.ఎస్. దినం. మనకది రోళ్లు పగిలే రోహిణీ కార్తె. మధ్యాహ్నం పనిలో చూపు తగ్గిందని చెప్పిన మనిషి సాయంత్రానికి బాగానే కనిపిస్తే నటన అనుకోవద్దని ఇంటివాళ్లను, పని ఇచ్చేవాళ్లను కోరుతున్నాం. నీడ, తడిగుడ్డ, చన్నీళ్లు ఇవ్వండి. ఒక రోజు దాటినా తగ్గకపోతే డాక్టరుకు చూపించాల్సిందే.

మందుల షాపులో అడిగి స్టెరాయిడ్ మాత్రలు వేసుకునే అలవాటు మన దగ్గర ఉంది. ఇది మాకు చాలా ఆందోళన కలిగిస్తోంది. అమెరికాలో 1988లో మొదలై, 457 మందిపై జరిగిన పరీక్షలో, మామూలు డోసు మాత్రలు మాత్రమే వాడినవారికి కంటి నరం వాపు మళ్లీ రావడం ఎక్కువగా కనబడింది. సెలైన్‌లో పెద్ద డోసు తీసుకున్నవారు త్వరగా కోలుకున్నారు. కాబట్టి కన్ను తిప్పితే నొప్పి, చూపు మసక రెండూ ఉంటే కళ్లజోడు మార్చుకుని ఊరుకోకూడదు. నరాల డాక్టరుకు చూపించాలి, మెదడు ఎం.ఆర్.ఐ. తీయించాలి.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం మల్టిపుల్ స్క్లెరోసిస్‌ను పేరు పెట్టి గుర్తించింది. అదే చట్టం చూపు లోపాన్ని మాత్రం చార్టుతోనూ, చూపు ఎంత విస్తీర్ణంలో ఆనుతోందన్న లెక్కతోనూ తేలుస్తుంది. 6/18 (మామూలు కన్ను 18 మీటర్ల నుంచి చదివేదాన్ని 6 మీటర్ల నుంచి చదవడం) కన్నా మెరుగ్గా చూడగలిగితే, విస్తీర్ణం సరిపోతే, చూపు లోపమే లేనట్టు. మసక వెలుతురులో రోగి ఏం చూడలేకపోతున్నారో ఆ లెక్కల్లో లేదు. వికలాంగ ధ్రువపత్రాలిచ్చే సదరం శిబిరాల్లో ఎం.ఎస్. రోగులను కంటి డాక్టరు ఒక్కరే చూసి పంపేయకుండా, నరాల డాక్టరుతో కలిసి చూడాలి. ఒంగోలు, నెల్లూరు ప్రభుత్వ సర్వజన ఆస్పత్రుల్లో లేత అక్షరాల చార్టు ఒకటి గోడకు తగిలించాలి. అది ఖరీదైన యంత్రమేమీ కాదు. వేసవిలో ఈ రోగులకు ఉదయం పూటే టోకెన్లు ఇవ్వాలి, మిట్టమధ్యాహ్నం వరండాలో లైన్లో నిలబెట్టవద్దు.