హద్దురాళ్లు పాతితే సరిపోదు

2007లో ప్రపంచ వారసత్వ జాబితా నుంచి యునెస్కో తొలిసారి ఒక ప్రదేశాన్ని తొలగించింది. అది ఒమన్‌లోని అరేబియన్ ఒరిక్స్ అభయారణ్యం. 1996లో అక్కడ 450 ఉన్న ఒరిక్స్ జింకలు వేటకు బలై, ఆవాసం దెబ్బతిని, చివరికి 65 మిగిలాయి. పిల్లల్ని కనగల జంటలు నాలుగే. ఆపైన చమురు అన్వేషణకని ప్రభుత్వం అభయారణ్యం విస్తీర్ణంలో 90 శాతం కోసేసింది. జింకలు తరిగిపోతున్న ఆ ఏళ్లన్నిటా పటం మీద మాత్రం అది రక్షిత ప్రాంతమే.

2030 నాటికి నేలలో, సముద్రంలో 30 శాతాన్ని రక్షిస్తామని ప్రపంచ దేశాలు 2022 డిసెంబరులో మాంట్రియల్‌లో మాట ఇచ్చాయి. ఆ లక్ష్యంలోనే ‘సమర్థ నిర్వహణ’ అన్న షరతూ ఉంది. శాతం గురించి వినిపించినంతగా ఈ షరతు గురించి వినిపించకపోవడం మమ్మల్ని కలవరపెడుతోంది.

నిర్వహణ ఎలా ఉందో కొలిచే సాధనాలు లేక కాదు. 2002లో ప్రపంచ బ్యాంకు, వన్యప్రాణి సంరక్షణ సంస్థ డబ్ల్యూడబ్ల్యూఎఫ్ కలిసి రూపొందించిన పద్ధతిలో మొదట 30 దాకా ప్రశ్నలుండేవి. ఒక్కోదానికి సున్నా నుంచి మూడు వరకు మార్కులు. చవకైనది, తేలికైనది. అయితే ఆ మార్కులు చాలాచోట్ల అక్కడి నిర్వాహకులే వేసుకుంటారు. ప్రణాళిక ఉందా, సిబ్బంది ఉన్నారా అన్నవాటికి జవాబు సులువు. జంతువులు పెరిగాయా, వాగు పారుతోందా అన్నది తేల్చాలంటే ఏళ్ల తరబడి లెక్కలు కావాలి.

గస్తీ పుస్తకం తెరిచి చూస్తే చాలా తెలుస్తుంది. నెల రోజుల పేజీలూ ఒకే సిరాతో, ఒక్క పూటలో కూర్చుని రాసినట్టుండి, ప్రతి తేదీ ఎదుటా ‘అంతా సవ్యం’ అని ఉంటే అనుమానించక తప్పదు. వానకు తడిసి ఉబ్బిన అట్ట, పీకేసిన ఉచ్చుల సంఖ్య, నీటిగుంట ఎండిన తేదీ ఉన్న పుస్తకం వేరు. మార్కుల పట్టికలో ఈ తేడా కనిపించదు.

అందుకే మదింపు బృందంలో బయటి నిపుణులు, రక్షిత ప్రాంతం అంచున బతికే ప్రజలు ఉండాలి. నివేదికను అందరి ముందూ పెట్టాలి. అన్నిటికన్నా ముఖ్యం, తక్కువ మార్కులు వచ్చాయని నిధులు కోయకూడదు. కోస్తే మరుసటి ఏడాది నిజం రాసేవారుండరు. ఎక్కడ మార్కులు తగ్గాయో అక్కడికే ముందుగా కాపలాదారులు, వాహనాలు, నెలనెలా జీతాలు చేరాలి.