నొప్పి లేని కాలు

(తెనాలిలో ఒక ఇంటి వరండా. బావగారికి షుగర్ వచ్చి 14 ఏళ్లు. మనవడు పుడితే చెప్పుల్లేకుండా అలిపిరి మెట్ల దారిన కొండెక్కుతానని మొక్కుకున్నారు. మనవడు పుట్టాడు. బావమరిది పాతికేళ్లుగా ఆస్పత్రి డ్రెస్సింగ్ గదిలో పుళ్లకు కట్లు కడుతున్నాడు. ఇద్దరిలో ఒక్కరూ మెల్లగా మాట్లాడే రకం కాదు.)

బావ: 3,550 మెట్లు. రోజూ పొద్దున్నే గంట నడిచేవాణ్ణి, నాకదో లెక్కా?

బావమరిది: ఎక్కొద్దని ఎవరన్నారు? చెప్పుల్లేకుండా ఎక్కుతానన్నారే, పేచీ దానితోనే.

బావ: మా నాన్న జన్మలో చెప్పులు తొడగలేదు. ఎనభై దాటి బతికాడు.

బావమరిది: ఆయనకి ముల్లు దిగితే తెలిసేది, తీసి పారేసేవాడు. మీకో? మొన్న రైతుబజారులో ఎడమ చెప్పు జారిపోతే అలాగే నడుచుకుంటూ పోయారు. అక్క చూసి కేకేస్తే వెనక్కొచ్చారు.

బావ: ఏదో మాటల్లో పడ్డాన్లే. ఇది విను. రెండేళ్ల కిందట అరికాళ్లు భగభగా మండేవి, రాత్రి దుప్పటి తగిలినా ఓర్చుకోలేకపోయేవాణ్ణి. ఇప్పుడు మంటల్లేవు, తిమ్మిర్లు లేవు. తగ్గినట్టా, ముదిరినట్టా?

బావమరిది: మీ షుగర్ మూడు నెలల సగటు, అదే హెచ్‌బీఏ1సీ, ఎంతొచ్చింది?

బావ: తొమ్మిది మీద ఏదో చిల్లర.

బావమరిది: షుగర్ అలా ఉంటే మంట తగ్గడానికి కారణమేంటి? అరిచీ అరిచీ నరం మూగబోయింది. పాదానికొచ్చే నరం నడుము దగ్గర బయల్దేరి వేలి కొస దాకా వస్తుంది. ఒంట్లో అంత పొడుగు నరం ఇంకోటి లేదు, అందుకే దెబ్బ ముందు దానికే. ఎక్కువైన చక్కెర నరం లోపలికి చేరి పాడుచేస్తుంది. ఆ నరానికి రక్తం అందించే వెంట్రుక లాంటి నాళాలుంటాయి, వాటి గోడలు కూడా మందమైపోతాయి. అటు విషం, ఇటు ఆకలి.

బావ: రక్తం సంగతి ఎత్తకు. నా పాదాలు ముట్టుకుని చూడు, వెచ్చగా ఉన్నాయి.

బావమరిది: నరం దెబ్బతిన్న పాదం ఒక్కోసారి వెచ్చగానే ఉంటుంది. చెమట పట్టదు, అందుకే మీ మడమలు అలా బీటలు వారాయి. అది సరే, నడుస్తుంటే పిక్కలు పట్టేస్తున్నాయని అక్కతో అన్నారట?

బావ: అరకిలోమీటరు పోగానే పట్టేస్తాయి. రెండు నిమిషాలు నిలబడితే పోతుంది. వయసు మీద పడలేదూ?

బావమరిది: వయసైతే నిలబడగానే పోతుందా? పెద్ద రక్తనాళం ఇరుకైతే నడిచే కండకి రక్తం చాలదు, ఆగితే సరిపోతుంది. చీలమండ దగ్గర బీపీ చూసి, చేతి బీపీతో భాగిస్తారు. 0.9 కంటే తక్కువొస్తే నాళం ఇరుకైనట్టు. షుగర్ వాళ్లలో నాళం గోడకి సున్నం పట్టి గట్టిపడితే ఆ లెక్క కూడా ఉత్తుత్తిగా బాగుందనిపిస్తుంది. నాళంలో రక్తం ఎలా పారుతోందో చూసే డాప్లర్ స్కాన్ చేయించాల్సిందే.

బావ: దొరికావు! పిక్కల నొప్పికి నడకే మందని డాక్టరే చెప్పాడు నాకు. నువ్వేమో నడవద్దంటావు.

బావమరిది: నడక మందే, ఒప్పుకుంటున్నా. కాని ముందు పాదం మీద పుండు లేదని తేలాలి, చెప్పులుండాలి. ఎండకి కాలిన బండ మీద మీకు బొబ్బ లేస్తే ఎవరికి తెలుస్తుంది? నా గదికి వచ్చేవాళ్లలో సగం మంది చెప్పేది ఒకటే మాట, “ఎప్పుడయిందో తెలీదండీ.” రక్తం సరిగా అందదు కాబట్టి మానదు, నొప్పి లేదు కాబట్టి పట్టించుకోరు. ఒక వేలుతో పోయేది కాలు దాకా వస్తుంది.

బావ: భయపెట్టకు. నరాల బలానికి బి12 వేసుకుంటున్నాను.

బావమరిది: షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడితే బి12 తగ్గొచ్చు, పరీక్షలో తగ్గిందని తేలితే వేసుకోవాల్సిందే. చక్కెర తిన్న నరాన్ని ఆ మాత్ర లేపలేదు. 1993లో అమెరికా, కెనడాల్లో టైప్ 1 వాళ్ల మీద, అంటే ఒంట్లో ఇన్సులిన్ ఊరని షుగర్ వాళ్ల మీద, చేసిన పరిశోధన ఫలితాలొచ్చాయి. షుగర్ గట్టిగా అదుపులో పెడితే నరాల జబ్బు రావడం 60 శాతం దాకా తగ్గిందట. రాకుండా ఆపడం గురించి చెప్పింది అది. మీ టైప్ 2లో అంత లాభం కూడా కనిపించలేదు.

బావ: అంటే ఇక నా కాళ్లు కుష్ఠు కాళ్లేనంటావా?

బావమరిది: మీరే అన్నారు కాబట్టి చెబుతున్నా. వెల్లూరులో పాల్ బ్రాండ్ అని ఒక సర్జన్ ఉండేవాడు. కుష్ఠు రోగుల వేళ్లు వాటంతటవే రాలిపోవు, నొప్పి తెలియక దెబ్బ మీద దెబ్బ తగిలి పోతాయని ఆయన చూపించాడు. ఆ రోగుల కోసం చేసిన మెత్తటి ఎమ్‌సీఆర్ రబ్బరు చెప్పులే ఇప్పుడు షుగర్ వాళ్లకి ఇస్తున్నారు.

బావ: దేవుడి దగ్గరికి చెప్పులతోనా!

బావమరిది: గుడి దగ్గర విప్పండి, మెట్ల మీద తొడగండి. పోనీ, కళ్లు మూసుకోండి. మీ కాలి వేళ్లని నా వేలి కొసతో ముట్టుకుంటా. తగిలినప్పుడు కుడో ఎడమో చెప్పండి.

(రెండు పాదాల్లో బొటనవేలు, నడిమి వేలు, చిటికెన వేలు. ఒక్కోదాన్నీ తేలిగ్గా ముట్టి వదిలాడు. బావగారు ఒకసారి “కుడి” అన్నారు. తరవాత చాలాసేపు ఏమీ అనలేదు.)

బావ: మొదలుపెట్టి ఆపేశావేం?

బావమరిది: ఆరూ అయిపోయాయి బావగారూ. రెండు వేళ్లు తప్పినా స్పర్శ పోయిందనే లెక్క. మీకు ఐదు తప్పాయి.

బావ: మీ అక్కని పిలు. నువ్వు సరిగా ముట్టుకోలేదు.