2520ని రామానుజన్ కనిపెట్టలేదు

డిసెంబరు 22, రామానుజన్ పుట్టినరోజు, దగ్గరపడితే చాలు, వాట్సాప్‌లో ఆ సందేశం మళ్లీ తిరుగుతుంది. 1 నుంచి 10 వరకు అన్నీ శేషం లేకుండా భాగించే సంఖ్య ఉండనే ఉండదని ప్రపంచ గణితవేత్తలు అనుకునేవారట. రామానుజన్ 2520ని కనిపెట్టి వారిని నివ్వెరపరిచాడట. అలాంటి సంఖ్య అదొక్కటేనట. వారానికి 7 రోజులు, నెలకు 30, ఏడాదికి 12 నెలలు. ఈ మూడింటినీ గుణిస్తే వచ్చేదీ అదే కాబట్టి అందులో రహస్యం ఉందట. రామానుజన్ మీద గౌరవం ఉంది కాబట్టే దీన్ని ఖండిస్తున్నాను.

అలాంటి సంఖ్య ఉండదని ఎవరూ అనుకోలేదు. 1 నుంచి 10 వరకు వరుసగా గుణించుకుంటూ పోతే 3628800 వస్తుంది. ఆ పదీ దాన్ని భాగించక తప్పదు. ప్లేటో 2,300 ఏళ్ల కిందటే తన ఊహానగరానికి 5040 కుటుంబాలు చాలునంటూ, 1 నుంచి 10 వరకు అన్నీ ఆ సంఖ్యను భాగిస్తాయని కారణం కూడా చెప్పాడు. 5040లో సగమే 2520.

ఇక కనిపెట్టడం. ఇది బడిలో చేసే క.సా.గు. లెక్క. 8 కోసం మూడు రెండ్లు, 9 కోసం రెండు మూడ్లు, ఒక 5, ఒక 7 తీసుకోండి. 8×9=72, 5×7=35, 72×35=2520. 6కూ 10కీ కావలసినవి అందులోనే ఉన్నాయి. క.సా.గు.ను 9వ శతాబ్దంలోనే మహావీరాచార్యుడు ‘నిరుద్ధం’ అన్నాడు. ఆయన గణితాన్ని పద్యాల్లో తెలుగు చేసినవాడు మన పావులూరి మల్లన.

అదొక్కటే అన్నదీ తప్పే. 5040, 7560, 10080... ఇలా 2520 గుణిజాలన్నీ అలాంటివే, వాటికి అంతు లేదు. 2520 వాటిలో అతి చిన్నది, అంతే.

క్యాలెండర్ సంగతి చూద్దాం. 30లో 2, 3, 5 ఉన్నాయి, 12లో రెండు రెండ్లు, ఒక 3 ఉన్నాయి. రెండూ కలిస్తే 360. దాన్ని 1 నుంచి 10 వరకు భాగించనిది 7 ఒక్కటే, ఆ లోటు వారం తీర్చింది. పైగా అన్ని నెలలకూ 30 రోజులు లేవు, ఏడాది 360 రోజులూ కాదు.

నాకు బాధ కలిగించేది మరొకటి. 2520కి, రామానుజన్‌కి నిజమైన సంబంధం ఉంది, సందేశంలో అదే లేదు. 2520కి 48 కారణాంకాలు. దానికంటే చిన్న సంఖ్యల్లో దేనికీ 40కి మించి లేవు. ఇలా తనకంటే చిన్నవాటన్నిటినీ కారణాంకాల్లో మించిపోయే సంఖ్యలు ఏ కట్టడితో పుడతాయో రామానుజన్ పరిశోధించాడు. లండన్ మేథమెటికల్ సొసైటీ 1915లో దాన్ని సుదీర్ఘ వ్యాసంగా అచ్చువేసింది. మరుసటి ఏడాది కేంబ్రిడ్జ్ ఆయనకు డిగ్రీ ఇచ్చింది ఈ పనికే.

ఆ వ్యాసంలోని పట్టికలో 2520 మొదట్లోనే వచ్చిపోయే చిన్న సంఖ్య. చివరిది 6746328388800. దాని కారణాంకాలు 10080. కంప్యూటర్ లేని రోజుల్లో అక్కడిదాకా వెళ్లిన ఆయన దారిలో ఒకే ఒక్కదాన్ని వదిలేశాడు: 293318625600. దాన్ని 23తో గుణించి చూడండి, ఆయన పట్టికలోని ఆ చివరి సంఖ్యే వస్తుంది.