ఆటస్థలానికి అజెండాలో చోటేది?

మహా విశాఖ నగరపాలక సంస్థ కౌన్సిల్ అనగానే చాలామందికి గుర్తొచ్చేవి అవిశ్వాసాలు, శిబిరాలు. 2025 ఏప్రిల్‌లో మేయర్ పీఠం ఎలా చేతులు మారిందో పాఠకులకు తెలుసు. ఆ గొడవ పక్కన పెడదాం. 98 వార్డుల ప్రతినిధులు కూర్చునే ఆ సభ ముందు నేను పెట్టదలచిన అంశం ఒక్కటే: ఈ నగరంలో పిల్లలు ఎక్కడ ఆడుకోవాలో, అందుకు ఎంత ఖర్చు పెట్టాలో కౌన్సిలే తేల్చాలి. బడ్జెట్ సమావేశంలో ఒక పూట పూర్తిగా దానికే కేటాయించాలి.

అసలు ఆ అధికారం కౌన్సిల్ చేతిలో ఉందా అంటే, కొంతే ఉంది. 1993 జూన్ 1న అమల్లోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ, 12వ షెడ్యూలులోని 18 అంశాల్లో పార్కులను, తోటలను, ఆటస్థలాలను పేరు పెట్టి మరీ చేర్చింది. అయితే ఆ అధికారాలను రాష్ట్రాలు పురపాలక సంస్థలకు ‘ఇవ్వవచ్చు’ అని ఊరుకుంది, ‘ఇవ్వాలి’ అనలేదు. ఆ సందులోంచే ఊరి ఆస్తి ఊరి చేయి దాటిపోయింది. విశాఖ జనం సాయంత్రం పూట వెళ్లే చోట్లు చూడండి. కైలాసగిరి, పాత సెంట్రల్ జైలు స్థలంలో వెలసిన సెంట్రల్ పార్కు, బీచ్‌లోని కురుసుర జలాంతర్గామి ప్రదర్శనశాల విశాఖ మహానగర ప్రాంత అభివృద్ధి సంస్థ (వీఎంఆర్‌డీఏ) చేతిలో ఉన్నాయి. దాని పగ్గాలు ప్రభుత్వం నియమించిన వారివి. అక్కడ టికెట్ ధర పెరిగితే మన కార్పొరేటర్‌ను నిలదీసి లాభం లేదు.

కేంద్రం తెచ్చిన స్మార్ట్ సిటీ పథకం కథ మరీ బాధ కలిగిస్తుంది. 2016 జనవరిలో ఎంపికైన తొలి 20 నగరాల్లో విశాఖ ఒకటి. కేంద్రం వాటాయే నగరానికి 500 కోట్ల రూపాయలు. అంత డబ్బుతో ఏం కట్టాలో నిర్ణయించిన రోజుల్లో నగరానికి ఎన్నికైన కౌన్సిలే లేదు. 2012 ఫిబ్రవరిలో పాత పాలకవర్గం గడువు తీరింది. మళ్లీ ఓట్లు పడింది 2021 మార్చిలో. 2011 లెక్కల నాటికే 17 లక్షల జనాభా దాటిన నగరాన్ని విలీనాలని, వార్డుల విభజనని, కోర్టు కేసులని చెప్పి తొమ్మిదేళ్లు ప్రత్యేకాధికారులకు వదిలేశారు. దివ్యాంగ పిల్లలు కూడా ఆడుకునేలా బీచ్ రోడ్డులో కట్టిన ఆల్ ఎబిలిటీస్ పార్కు నిజంగా మంచి పని. పెందుర్తికి, గాజువాకకు కూడా అలాంటిది కావాలని సభలో లేచి అడగడానికి మాత్రం అప్పుడు ఎవరూ లేరు.

అధికారుల పాలనే మేలనేవారు ఉన్నారు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను నగరాన్ని ఛిద్రం చేసినప్పుడు తేరుకోవడం వారి వల్లే సాధ్యమైందని, కార్పొరేటర్లు వస్తే ప్రతి టెండరులో వాటాలు అడుగుతారని అంటారు. అవినీతి లేదని నేను అనను. కానీ కార్పొరేటర్ ఐదేళ్లకు మళ్లీ మన గుమ్మం ఎక్కాలి. బదిలీ అయి వెళ్లిపోయిన అధికారిని ఎక్కడని వెతుకుతాం?

ఇక నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించే సంగతి. కట్టడం మీద ఉన్న మోజు మన బడ్జెట్లకు నడపడం మీద లేదు. ప్రహరీ, ఇనుప గ్రిల్లు, వాకింగ్ ట్రాక్, ముఖద్వారం, ఫౌంటెన్ అంటే అంచనాలు చకచకా తయారవుతాయి, శిలాఫలకం కూడా సిద్ధమవుతుంది. కాపలాదారు, తోటమాలి, మరుగుదొడ్డి శుభ్రం చేసే మనిషి, సాయంత్రం వచ్చి ఖోఖో నేర్పే శిక్షకురాలు... వీళ్ల జీతాలకు ఏటా డబ్బు వెతుక్కోవాలి. కూలీ పనికి వెళ్లే తల్లి చీకటి పడేవేళ కూతుర్ని మైదానానికి ధైర్యంగా పంపాలంటే అక్కడ దీపాలు వెలగాలి, మరుగుదొడ్డి ఉండాలి, నమ్మకస్తురాలైన పెద్దమనిషి ఒకరుండాలి. ఫౌంటెన్ ఆమెకు అక్కరకు రాదు. లాన్ పాడవుతుందని బంతి ఆటలు వద్దంటూ బోర్డు పెట్టిన చోటును ఆటస్థలాల లెక్కలో రాయడం పిల్లలను మోసగించడమే. కొత్త పార్కు ప్రతిపాదన అజెండాలోకి వచ్చినప్పుడల్లా దాన్ని ఐదేళ్లు నడిపేందుకు అయ్యే ఖర్చు కూడా పక్కనే ఉండాలి. ఆ లెక్క లేని ప్రతిపాదనను సభ తిప్పి పంపాలి.

స్థలాలు లేవంటారు. లేఅవుట్ వేసేవారు పది శాతం భూమిని ఖాళీగా వదిలి నగరపాలక సంస్థకు గిఫ్టు డీడ్‌తో అప్పగించాలి కదా, అవి ఏమయ్యాయి? బెంగళూరులో పార్కు కోసం ఉంచిన స్థలాన్ని ఆసుపత్రికి కట్టబెడితే కాలనీవాసులు కోర్టుకెక్కారు. ఆసుపత్రి కూడా ప్రజలకు పనికొచ్చేదే కదా అన్న వాదనను 1991లో సుప్రీంకోర్టు తోసిపుచ్చింది. పార్కును పార్కుగానే ఉంచాలంది. ఆ తీర్పును ప్రతి కార్పొరేటర్ చదవాలి.

కేరళ 1996లో ప్రజా ప్రణాళిక మొదలుపెట్టి, రాష్ట్ర ప్రణాళిక నిధుల్లో మూడో వంతుకు పైగా స్థానిక సంస్థలకు అప్పగించింది. మనం అంత దూరం వెళ్లేలోపు చేయగలిగినవి ఉన్నాయి. మూడు లక్షల జనాభా దాటిన నగరాల్లో వార్డు కమిటీలు ఉండాలని రాజ్యాంగమే చెబుతోంది; వాటిని కూర్చోబెట్టాలి. 2021 మార్చిలో ఎన్నికైన పాలకవర్గం గడువు 2026 మార్చి వరకే. గడువు తీరకముందే ఎన్నిక పూర్తి కావాలన్నది కూడా రాజ్యాంగం మాటే, కనుక మరో తొమ్మిదేళ్ల ఖాళీని నగరం ఒప్పుకోకూడదు. ప్రతి వార్డు సచివాలయం గోడ మీద ఆ వార్డులోని ఖాళీ స్థలాల సర్వే నంబర్లు, విస్తీర్ణం, ఇప్పుడు ఎవరి ఆధీనంలో ఉన్నాయో రాసి పెట్టాలి. పాఠశాల నుంచి ఇంటికి వెళ్లే పిల్లలు కూడా చదవగలిగేంత పెద్ద అక్షరాలతో రాయాలి.