గీత గీయకముందే అడగాలి

విశాఖలో సముద్రం ఒడ్డున ఉన్న ఒక జాలరి వీధిని బాగుచేయాలంటే పని ఎవరి మాటతో మొదలవ్వాలి? ప్రభుత్వంలో టౌన్ ప్లానింగ్ చేసి రిటైరైన మావయ్యకూ, ఆర్కిటెక్ట్ అయిన మేనకోడలికీ మధ్య వాదన ఇది.

మావయ్య: జనాన్ని కూర్చోబెట్టి అడిగితే ఏం చెబుతారమ్మా? ఒకడు పార్కింగ్ కావాలంటాడు, ఇంకొకడు గుడి ముందు జాగా ముట్టుకోవద్దంటాడు. డ్రైనేజీ వాలు ఎటుండాలో చేతులెత్తించి తేలుస్తామా? చదువుకున్నదానివి నువ్వు. ముందు గియ్యి, తర్వాత చూపించు.

మేనకోడలు: వాలు సంగతి నేనే చెబుతాను మావయ్యా, అందులో బేరం లేదు. కానీ చేపలు ఎక్కడ ఎండబెడతారు, వలలు ఎక్కడ పరిచి కుడతారు, తుఫాను హెచ్చరిక వస్తే పడవలు ఎంత దూరం లాక్కొస్తారు? ఇవి నా చదువులో లేవు. మ్యాపులో ఆ జాగా ఖాళీగానే కనిపిస్తుంది. ఖాళీ అనుకుని అక్కడ బెంచీలు వేసేస్తాం.

మావయ్య: అందుకేగా అభ్యంతరాలు తీసుకునేది! విశాఖ 2041 మాస్టర్ ప్లాన్ ముసాయిదా 2021లో బయటపెట్టినప్పుడు ఎన్ని వచ్చాయో చూడలేదా?

మేనకోడలు: చూశాను. అంతా గీసేశాక, తన ఇంటి మీదుగా రోడ్డు పోతోందని తెలిసినవాడు వద్దని కాక ఇంకేమంటాడు? అది పాల్గొనడం కాదు, ప్రాణం కాపాడుకోవడం. షెర్రీ ఆర్న్‌స్టీన్ అనే ఆవిడ 1969లోనే జనం పాల్గొనడానికి 8 మెట్లు కట్టి చూపించారు. జనానికి సమాచారం ఇవ్వడం 3వ మెట్టు, అభిప్రాయం అడగడం 4వది, భాగస్వామ్యం 6వది. మనం 4వ మెట్టు మీద నిలబడి పని పూర్తయిందంటున్నాం. భాగస్వామ్యం ఎలా ఉంటుందో చూడండి. చిలీలో ఇకీకే అనే ఊళ్లో సుమారు 100 కుటుంబాలు నగరం నడిబొడ్డున ఆక్రమించుకున్న స్థలంలో ఉండేవి. ఇంటికి 7,500 డాలర్ల సబ్సిడీ. స్థలం, పైపులు, ఇల్లు అన్నీ అందులోనే రావాలి. ఆర్కిటెక్ట్ అలెహాంద్రో అరవేనా బృందం ఆ లెక్క దాచకుండా జనం ముందు పెట్టింది. అపార్ట్‌మెంట్ బ్లాకులు వాళ్లు వద్దన్నారు. చివరికి అదే చోట సగం ఇల్లు కట్టించి, మిగతా సగానికి జాగా వదిలారు. ఆ సగం కుటుంబాలే కట్టుకున్నాయి. ఆర్కిటెక్ట్ పని అదీ మావయ్యా. ఇది తీసుకుంటే అది పోతుందని ముందే, అర్థమయ్యేలా చెప్పాలి. ఎంచుకునేది వాళ్లు.

మావయ్య: ఇంగ్లండ్‌లో బైకర్ అనే పేట సంగతి కూడా చెప్పు మరి. రాల్ఫ్ ఎర్స్‌కిన్ అనే ఆర్కిటెక్ట్ ఆ పేటలోనే ఆఫీసు తెరిచాడు, అందరితో మాట్లాడాడు. అయినా పాతవాళ్లలో ఎక్కువమంది కొత్త ఇళ్లలోకి రాలేకపోయారు. పనికి ఏళ్లు పడితే జనం ఆగరు. ఇంకో మాట. మీటింగుకు ఎవరొస్తారో నాకు తెలుసు. కులపెద్దలు, కార్పొరేటర్ మనుషులు. బుట్ట నెత్తిన పెట్టుకుని చేపలమ్మే ఆడమనిషి రాదు. నువ్వు విన్నానంటున్నది పెద్దల మాటే.

మేనకోడలు: ఆ దెబ్బ నిజంగానే తగిలింది. మీటింగు పెట్టి చేతులు దులుపుకుంటే మీరన్నదే జరుగుతుంది. అందుకే అమ్మకం అయ్యాక ఆవిడ ఉన్న చోటికే నేను వెళ్లాలి. నేల మీద ముగ్గుతో అసలు కొలతల్లో గీసి, ఇక్కడ నీ గుమ్మం, ఇక్కడ నీ కుళాయి అని నడిపించి చూపాలి. కాగితం మీద ప్లాన్ చూసి ఆవిడ ఏం చెబుతుంది?

మావయ్య: ఎవర్నీ అడక్కుండా మంచి పనులు జరగలేదా? పొద్దున్నే బీచ్ రోడ్డులో బళ్లు ఆపేస్తున్నారు. ఎంత హాయిగా ఉంది!

మేనకోడలు: మీకు హాయి. మీరు నడవడానికి వెళ్తారు. ఆ వేళకు సరుకు మోసుకెళ్లేవాళ్లను అడిగారా?

మావయ్య: ప్రతిదానికీ నన్నెందుకు లాగుతావు?

మేనకోడలు: మీ మాట అడక్కుండానే వినబడుతుంది కాబట్టి. అడిగితే తప్ప వినబడని వాళ్ల గురించి నా గొడవ. 74వ రాజ్యాంగ సవరణ జనాభా 3 లక్షలు, ఆపైన ఉన్న నగరాలకు వార్డు కమిటీలు ఉండాలంది. డ్రాయింగ్ బోర్డు మొదట అక్కడికి వెళ్లాలి.

మావయ్య: బాగుంది. అన్ని నెలలు వీధుల్లో తిరిగితే జీతం ఎవరిస్తారు? ఆర్కిటెక్ట్ ఫీజు కట్టడం ఖర్చులో శాతం.

మేనకోడలు: తప్పు అక్కడే ఉంది. కాంక్రీటు పెరిగితే ఫీజు పెరుగుతుంది, విన్నందుకు పైసా రాదు. టెండర్‌లోనే దానికి వేరే పద్దు రాయాలి.

మావయ్య: రాస్తే ఆడిట్‌లో కొట్టేస్తారు.

మేనకోడలు: కొట్టేస్తే ఎందుకు కొట్టేశారో వార్డు కమిటీలో చదివి వినిపించాలి. ఆ పద్దు ఎలా రాస్తే నిలబడుతుందో మీకంటే తెలిసినవాళ్లు లేరు మావయ్యా. అది మీరు రాసివ్వండి.