ప్రేక్షకాభిప్రాయం గారికి, బడ్జెట్ తక్కువైన దెయ్యం విషయమై

మహారాజశ్రీ ప్రేక్షకాభిప్రాయం గారి సముఖమునకు,

ఇంటర్నెట్‌లో ప్రేక్షకులందరి పేరునా స్టార్లు వేసి తమరు రాసే మాటలు నమ్మి నిన్న రాత్రి ఆ దెయ్యం సినిమా రెండో భాగం చూసిన అభాగ్యుడు రాసుకున్న విన్నపం. తమరు క్షేమమనే తలుస్తాను. తమరికేం, బాగుందని చెప్పి ఊరుకున్నారు. చూసింది నేను.

సినిమా పేరు చెప్పను. చెబితే ఇంకెవరో వెతుక్కుని మరీ చూస్తారు, ఆ పాపం నాకొద్దు. పేరు చివర 2 అంకె ఉంది. పోస్టర్ మీద జుట్టు విరబోసుకున్న ఆవిడ ఉంది. మొదటి భాగం చివర కాలి బూడిదైన ఇల్లు ఇందులో చెక్కుచెదరకుండా ఉంది, కిటికీ కర్టెన్లతో సహా. గుర్తు రాకపోయినా నష్టం లేదు, ఇలాంటి రెండో భాగాలన్నీ దాదాపు ఒకే సినిమా.

"గుండె ఆగినంత పనైంది" అని సెలవిచ్చారు. "మొదటి భాగాన్ని మించింది" అన్నారు. "దయచేసి ఒంటరిగా చూడకండి" అని హెచ్చరించారు కూడా. ఈ చివరి మాటలో మాత్రం నిజం ఉంది. పక్కన ఎవరైనా ఉంటే కాసేపు కబుర్లయినా చెప్పుకోవచ్చు.

విడుదలైన రోజు పొద్దున్నే పదికి పది వేసినవారి జోలికి నేను పోను. వాళ్లు జన్మలో రాసిన ఒకే ఒక్క అభిప్రాయం అదే కావడం, అందులో అసిస్టెంట్ కెమెరామన్‌ని పేరు పెట్టి మరీ పొగడటం, అవన్నీ కుటుంబ వ్యవహారాలు. మొదటి భాగం చూడకుండా "కథ అర్థం కాలేదు" అని ఒక్క స్టార్ పడేసినవారినీ ఏమీ అనను. ఈ పదులూ ఆ ఒకట్లూ కలిపి సగటు తీస్తే ఐదున్నర వస్తుంది. ఐదున్నర వేసినవాడు మాత్రం భూతద్దం పెట్టి వెతికినా ఒక్కడూ కనపడడు. పోనీండి, అదీ వదిలేశాను.

వదల్లేనిది ఒక్కటే. "తక్కువ బడ్జెట్‌లో తీశారు కదా, ఆ లెక్కన చూస్తే బాగుంది."

ఏ లెక్కన అండీ?

సినిమాలో సగం చీకటే. డబ్బుల్లేక లైట్లు పెట్టలేకపోయారు పాపం, అర్థం చేసుకోవాలన్నారు తమరు. అర్థం చేసుకోవడానికే ముందుకు వంగి, కళ్లు చికిలించి చూశాను. తెర నల్లగా ఉంది, ఎవరో ఊపిరి పీలుస్తున్న చప్పుడు వస్తోంది, నెమ్మదిగా ఒక ముఖం తేలింది. ఉలిక్కిపడ్డాను. తీరా చూస్తే అది నా ముఖమే, తెర అద్దంలా మెరుస్తోంది. మొత్తం సినిమాలో నన్ను భయపెట్టిన పాత్రల్లో దానిది రెండో స్థానం.

చీకటిని డబ్బుల్లేనివాళ్లు ఎలా వాడుకోవాలో 1942లోనే ఒకాయన చూపించాడు. వాల్ ల్యూటన్ అని, హాలీవుడ్‌లో ఆర్‌కేఓ స్టూడియోలో నిర్మాత. చిరుతపులిగా మారే ఆడమనిషి కథ 'క్యాట్ పీపుల్' సినిమాకి ఆయన చేతిలో పెట్టింది లక్షన్నర డాలర్లు కూడా లేదు. రాత్రిపూట వీధిలో ఒక అమ్మాయి నడుస్తుంటుంది, వెనక అడుగుల చప్పుడు వినిపిస్తుంది, కాసేపటికి అదీ ఆగిపోతుంది. ఆమె వడివడిగా నడుస్తుంది, మనకి టెన్షన్ పెరుగుతుంది. సరిగ్గా అప్పుడు బుస్సుమని ఒక చప్పుడు. పులి కాదు, దెయ్యం కాదు, స్టాప్‌లో ఆగిన బస్సు! ఆ తర్వాత సినిమావాళ్లు ఇలాంటి ఉలికిపాటుకి 'ల్యూటన్ బస్' అనే పేరు పెట్టుకున్నారు. మరి మన రెండో భాగంలో? పిల్లి దూకితే ఢామ్మని చప్పుడు. ఫ్రిజ్ తలుపు తీస్తే ఢామ్. భర్త వెనక నుంచి వచ్చి "ఏం చేస్తున్నావ్?" అంటే ఢామ్. ఆ చప్పుడుకి నేను వాల్యూమ్ తగ్గించడం, తర్వాత మాటలు వినపడక పెంచడం, పెంచగానే మళ్లీ ఢామ్. సినిమా చూశానో రిమోట్‌తో కుస్తీ పట్టానో నాకే తెలియదు.

మంత్రగత్తె కథ వెతుక్కుంటూ వెళ్లి అడవిలో దారి తప్పిన ముగ్గురు విద్యార్థుల కథ, 'ది బ్లెయిర్ విచ్ ప్రాజెక్ట్' సంగతి తమరికి తెలియనిది కాదు. 1999లో వచ్చింది. చిత్రీకరణకి అయిన ఖర్చు 60 వేల డాలర్లు దాటలేదంటారు. కెమెరాలు నటుల చేతికే ఇచ్చారు, మంత్రగత్తెని ఒక్క ఫ్రేములో కూడా చూపించలేదు. ప్రపంచమంతా కలిపి దాదాపు 25 కోట్ల డాలర్లు వసూలు చేసింది. మరుసటి ఏడాదే కోటిన్నర డాలర్లు పోసి దానికి రెండో భాగం తీశారు. దాన్ని ఎలా ఉతికి ఆరేశారో తమరే ఒకసారి పాత అభిప్రాయాలు తిరగేసుకోండి. డబ్బు లేనప్పుడు వచ్చిన భయం డబ్బు వచ్చాక పారిపోయింది. అలాంటప్పుడు ఇక్కడ బడ్జెట్ తక్కువైందని జాలి దేనికి?

ఇంక ఈ 'తమరు'లు నావల్ల కాదు. ఏమయ్యా, ఇల్లు కాలిపోయిందని గుర్తుపెట్టుకోవడానికి ఎంత ఖర్చవుతుంది? మొదటి భాగంలో చచ్చిపోయిన తమ్ముడు రెండో భాగంలో ఫోన్ చేస్తే అక్క "ఎలా ఉన్నావురా?" అంటుంది. దెయ్యమేమో, ఇదే ట్విస్టేమో అని చివరిదాకా చూశాను. ట్విస్టూ లేదు, పాడూ లేదు, వాడు చచ్చిన సంగతి రాసినవాడే మర్చిపోయాడు. కాగితం మీద ఆ ఒక్క లైన్ కొట్టేయడానికి ఏ ఫైనాన్షియర్ కాళ్లు పట్టుకోవాలి? బద్ధకానికి పేదరికం అని పేరు పెట్టి, దానికి నువ్వు ఏడున్నర స్టార్లు వేస్తావా? నిజంగా డబ్బుల్లేక నానా తంటాలు పడి మంచి సినిమా తీసేవాడు ఒకడుంటాడు. వాడికీ వీడికీ ఒకే జాలి పంచితే వాడేమైపోవాలి?

పైగా నిజంగా భయపెట్టినవాళ్లకి నువ్వు చేసే మర్యాద నాకు తెలియదనుకున్నావా? అమెరికాలో థియేటర్ దగ్గరే ప్రేక్షకుల చేత ఏ ప్లస్ నుంచి ఎఫ్ దాకా మార్కులు వేయించే సినిమాస్కోర్ అనే పద్ధతి ఉంది. 2018లో 'హెరిడిటరీ' అనే భయానక సినిమాని విమర్శకులు నెత్తిన పెట్టుకుంటే, అక్కడ నువ్వు దానికి వేసింది డీ ప్లస్. బ్లెయిర్ విచ్‌కి సీ ప్లస్. భయపెట్టమని టికెట్ కొంటావు, భయపెడితే మార్కులు కోస్తావు, నిద్రపుచ్చితే మాత్రం "ప్రయత్నం బాగుంది" అని వీపు తడతావు.

ఆ నీడ గొడవ కూడా ఇక్కడే తేల్చుకుందాం. భోజనాల బల్ల దగ్గర సీన్‌లో వెనక గోడ మీద సన్నగా, పొడుగ్గా, చివర బొచ్చుగా ఒక నీడ ఊగుతుంది. నటుడు మాట్లాడితే అటు జరుగుతుంది, నటి మాట్లాడితే ఇటు జరుగుతుంది. దాని మీద నువ్వు పేజీలు నింపావు. అది రెండో ఆత్మ అన్నావు, మొదటి భాగంలో అమ్మమ్మ అన్నావు, దర్శకుడు దాచిన క్లూ అన్నావు. అయ్యా, అది మైకు. కర్రకి కట్టి పైనుంచి పట్టుకున్నారు, నీడ పడింది. ఎవరు మాట్లాడితే వాళ్ల వైపు జరగడం దాని ఉద్యోగం.

అయినా నీ మీద పూర్తిగా కోపం నిలవడం లేదు. గోడ మీద నీడని అంత శ్రద్ధగా గమనించావంటే, తీసినవాళ్ల కన్నా నువ్వే ఆ సినిమాని ఎక్కువ ప్రేమించావు. పైగా నీ అభిప్రాయాల్లో బాగా అడుగున, ఎవరూ లైక్ కొట్టని చోట, ఒకటి దొరికింది. నాలుగే ముక్కలు. "ఆ అమ్మాయి గదిలోకి వచ్చి తలుపు వేసి గడియ పెడుతుంది. కాసేపటికి బయట నుంచి కూడా గడియ పడిన చప్పుడు వస్తుంది. ఆ ఒక్క సీన్‌కి ఒళ్లు జలదరించింది. మిగతాది వద్దు."

నిజం. భయపెట్టిన పాత్రల్లో మొదటి స్థానం ఆ గడియదే. దానికి లైటు అక్కర్లేదు, గ్రాఫిక్స్ అక్కర్లేదు, ఢామ్ అసలే అక్కర్లేదు. రెండు చప్పుళ్లు, మధ్యలో కాస్త నిశ్శబ్దం. అంటే వాళ్లకి చేతనవును. ఒక్క నిమిషం పాటు చేతనైంది కూడా. నా కడుపుమంట అంతా అందుకే. నువ్వు జాలిపడి మార్కులు వేయకపోతే ఆ ఒక్క నిమిషం రెండు నిమిషాలైనా అయ్యేదేమో.

చివర్లో దెయ్యం కళ్లు తెరిచింది కాబట్టి మూడో భాగం ఖాయం. నేను చూస్తాను, అందులో నీకూ నాకూ అనుమానం లేదు. కానీ నాకన్నా ముందు చూసేది నువ్వే కాబట్టి ఒక్క ఉపకారం చెయ్యి: బడ్జెట్ ఎంతో నాకు చెప్పొద్దు. ఎక్కడ భయపడ్డావో చెప్పు. ఎక్కడా భయపడకపోతే ఆ మాటే చెప్పు. ఆ నాలుగు ముక్కల అభిప్రాయాన్ని మాత్రం అడుగున పడేయకుండా కాస్త పైకి తీసి పెట్టు.

ఇట్లు,
తమరి ఏడున్నర స్టార్ల బాధితుడు