జీతం ఎవరి చేతి మీదుగా వస్తోంది?

బెంగళూరు హలసూరు చెరువు గట్టున పొద్దున్నే నడిచేవాళ్లలో మదనపల్లె వైపు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డ ఓ రిటైర్డ్ హవల్దారు ఉన్నారు. పక్కనే ఉన్న మద్రాస్ ఇంజినీర్ గ్రూప్‌లో పనిచేశారు. మొన్న మాటల్లో పాతకాలపు పే పరేడ్ గురించి చెప్పారు. బల్ల మీద నోట్ల కట్టలు, ఎదురుగా జవాన్ల వరస. పేరు పిలవగానే సెల్యూట్ కొట్టి, సంతకం పెట్టి, డబ్బు తీసుకోవాలి. ‘‘ఇచ్చేది ఆఫీసరే గానీ లెక్క ఆయనది కాదు సార్, పీఏవో వాళ్లది’’ అన్నారు.

పీఏవో అంటే పే అకౌంట్స్ ఆఫీసు. రక్షణ శాఖ కింద సివిల్ ఉద్యోగులు నడిపే విభాగం. అంటే జవాను జీతం లెక్క అతని కమాండర్ గుప్పిట్లో ఉండదు. కొత్త ప్రజాస్వామ్యంలో జాతీయ సైన్యం అనగానే అందరూ ప్రమాణాలు, శిక్షణ గురించి మాట్లాడతారు. నేనైతే ముందు జీతం నడిచే దారి చూస్తాను.

అఫ్గానిస్థాన్‌లో చాలా ఏళ్లు ఆ డబ్బు కమాండర్ల చేతుల మీదుగానే వెళ్లింది. లేని సైనికుల పేర్లు పట్టీలోకి ఎక్కాయి, వాళ్ల జీతం పైవాళ్ల జేబుల్లోకి వెళ్లింది. నిజంగా తుపాకీ పట్టినవాడికేమో బకాయిలు. శిక్షణ లేకనా? మన చెన్నై పరంగిమలైలోని సైనిక అధికారుల శిక్షణ అకాడమీలోనూ అఫ్గాన్ కేడెట్లు తర్ఫీదు పొందారు. 2021 ఆగస్టు 15న కాబూల్ చేజారినప్పుడు, కాగితం మీదున్న బలగంలో చాలా భాగం ఎక్కడా కనబడలేదు.

నేపాల్ సమస్య వేరు. అంతర్యుద్ధం ముగిశాక తిరుగుబాటుదార్లను సైన్యంలో కలపాలా అన్నది అక్కడి ప్రశ్న. ఐక్యరాజ్యసమితి గుర్తించిన 19 వేలకు పైగా మావోయిస్టు యోధుల్లో చివరికి సైన్యంలో చేరింది సుమారు 1,400 మంది. ఎక్కువమంది డబ్బు తీసుకుని ఇంటిదారి పట్టారు. ఒక పార్టీ సేన గంపగుత్తగా సైన్యంలోకి రాలేదు. అదే మేలైందని నా అభిప్రాయం.

ఇక పైస్థాయి. 1954లో పాకిస్థాన్ సైన్యాధిపతి అయూబ్ ఖాన్ ఆ కుర్చీ వదలకుండానే రక్షణ మంత్రి అయ్యారు. నాలుగేళ్లకు దేశమే ఆయన చేతిలోకి వెళ్లింది. మనం 1955లో కమాండర్-ఇన్-చీఫ్ హోదానే తీసేశాం. అంతకుముందే ఢిల్లీలో ఆ అధికారి ఉండే బంగళా ప్రధాని నివాసంగా మారింది. చూసేవాళ్లకు అది ఇల్లు మారడమే, సైనికులకు మాత్రం విషయం అర్థమై ఉంటుంది.

అలాగని మనకు అంతా సవ్యంగా ఉందనను. ఎన్నికల ప్రచారంలో జవాన్ల ఫొటోలు వాడొద్దని 2019లో ఎన్నికల సంఘం పార్టీలకు చెప్పాల్సి వచ్చింది. మా వీధి మలుపులో ఇప్పటికీ ఓ వార్డు నాయకుడి ఫ్లెక్సీలో ఆయన పక్కన యూనిఫాం వేసుకున్న జవాను బొమ్మ ఉంది. హవల్దారు దాని ముందు కాసేపు ఆగారు. ‘‘టోపీ వాలాల్సింది అటు కాదు సార్, ఇటు’’ అని నడక సాగించారు.